పొరుగు భాష, క్రియాపదము



ప్రొద్దుటూరు ముస్లిము బాలుడు ఇంట "మై రోటీ ఖాయా" అనును. బడిలో ఉరుదూ ఉపాధ్యాయుని యెదుట అదే మాట అన్నచో, "మైనే రోటీ ఖాయీ" అను దిద్దుబాటు తప్పదు.

దిద్దుబాటునకు కారణము లేకపోలేదు. గ్రంథస్థమైన ఉరుదూలో, జరిగిపోయిన పనిని చెప్పునపుడు సకర్మక క్రియ కర్తను విడిచి కర్మను అనుసరించును. తిన్నది పురుషుడే యైనను, రొట్టె స్త్రీలింగము గనుక క్రియయు స్త్రీలింగమే. జమ్మలమడుగు, పులివెందుల బజారులలో వినబడు దక్కనీలో ఆ "నే" లేదు. బాలుడు తిన్న "ఖాయా", బాలిక తిన్న "ఖాయీ". తెలుగు తీరును ఇంతే కదా! "రాముడు పండు తిన్నాడు, సీత పండు తిన్నది" అన్నపుడు క్రియ తిన్నవారినే చూచును. పండు వంక చూడదు.

ఈ భాష 14వ శతాబ్దిలో ఢిల్లీ సేనల వెంట దక్కనుకు వచ్చినది. 1650లో మీర్ జుమ్లా గండికోటను పట్టుకొనగా ఈ సీమ గోల్కొండ యేలుబడిలోనికి పోయెను. పిమ్మట కడప నవాబులు వచ్చిరి. తరతరములుగా ఒకే సంతలో బేరమాడినవారి నాలుకపై రెండు భాషలును నిలిచినవి. తెలుగువారు "అని" యను చోట దక్కనీవారు "బోల్‌కే" అందురు. అదియు తెలుగు అచ్చులో పోసిన మాటయే.

కొందరు పండితులు దీనిని ఒప్పరు. సేనలు దక్షిణమునకు వచ్చునాటికి ఉత్తరమునందే "నే" నియమము కుదురుకొనలేదని వారి వాదము. పాత దక్కనీ కావ్యములలో "నే" ఒకచో కనబడును, మరొకచో కనబడదు. వాదము త్రోసివేయదగినది కాదు. అయినను అచ్చట గట్టిపడిన నియమము ఇచ్చట నిలువకుండుటకు తెలుగు, కన్నడముల పొరుగే బలమైన కారణముగా తోచును.

ఇంగ్లీషువారి యింటను ఇట్టి తగవే కలదు. ఉత్తర ఇంగ్లండు పాత పలుకుబడిలో "దే సింగ్" అనియు, "బర్డ్స్ సింగ్స్" అనియు అందురు. వేల్సు భాషలో "వారు పాడిరి" అని, "పిల్లలు పాడెను" అన్నట్లుండును. కనుక ఇది ఆంగ్లేయులకు ముందు ఆ నేలపై నున్న కెల్టు జనుల ముద్ర యని కొందరు, సాక్ష్యము చాలదని కొందరు. ఉత్తర ఇంగ్లండున ఆ కెల్టు పలుకు ఏనాడో అంతరించెను. ఇచ్చట రెండు భాషలును సజీవములు. సాక్ష్యము వలసినవారు బజారునకు పోయి వినవచ్చును.

పరీక్షలో ఆ బాలుడు "మైనే" అనియే వ్రాయవలెను. ఇంటికి పోయి "మై రోటీ ఖాయా" అనగా, అతని తల్లికి అందు తప్పేమియు వినబడదు.