అప్పులేని సేద్యము

సేద్యమున లాభ మెచ్చట నున్నదని యడిగినచో, దిగుబడియందే యని పలువురు చెప్పుదురు. గాదె నిండియు అప్పు తీరనిచో ఆ ధాన్యము మనదగునా? రాబడి హెచ్చుట వానదేవునిచేతను అంగడివానిచేతను ఉన్నది. ఖర్చు తగ్గుట చాలవరకు మనచేతనే యున్నది.

ఇందుకు తార్కాణముగా, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ మండలమందలి పునుకుల గ్రామమును చెప్పెదను. అచ్చట ప్రత్తి ముఖ్యమైన పంట. పురుగుమందు అరువిచ్చు వర్తకుడే వడ్డీ కట్టించుకొనువాడు, పంట కొనువాడు. పురుగు మందునకు అలవాటుపడినకొలది మందు హెచ్చెను. దానితో ఋణమును హెచ్చెను. 2000వ సంవత్సర ప్రాంతమున కొందరు రైతులు మందు మాని చూచిరి. స్త్రీల పొదుపు సంఘములు పట్టుదలతో అండగా నిలిచెను. 2004 నాటికి గ్రామమంతయు పురుగుమందును విడిచెను. పురుగునకు పొలముగట్టు అడ్డుకాదు గదా! ఊరంతయు కలియుటయే వారి బలము.

మందునకు బదులు వారికి ముఖ్యముగా తోడ్పడినది వేపగింజ. నూరు లీటర్ల కషాయమునకు 5 కిలోల వేపపప్పు పొడిని మూటగట్టి, 10 లీటర్ల నీట రాత్రియంతయు నానబెట్టి పిండవలయును. తక్కిన నీరును, కొంచెము సబ్బును కలిపి సాయంకాలమున చల్లవలయును; ఎండకు దాని గుణము నశించును. ఇది పురుగును తక్షణము చంపదు, తిండి మాన్పించును. కావున పురుగు పిల్లదశలో నున్నప్పుడే చల్లుట మేలు. చేనిచుట్టును ఆముదము నాటినచో లద్దెపురుగు దానిపై గ్రుడ్లు పెట్టును. ఆ యాకులను త్రుంచి నాశనము చేయవచ్చును.

పురుగుమందు మానుట మొదటి మెట్టు. భూమికి బలము కూర్చుట రెండవది. తొలకరికి జనుమో జీలుగయో చల్లి, పూతవేళ కలియదున్నుడు. గాలియందలి నత్రజనిని వాని వేళ్ళబుడిపెలు పట్టి మట్టికి చేర్చును. పెంటదిబ్బను ఎండకును వానకును విడువక, గోతిలో మాగనిచ్చి వాడుడు.

ఒక్క హెచ్చరిక. రసాయనపుటెరువును హఠాత్తుగా మానినచో మొదటి యేండ్లలో దిగుబడి తగ్గవచ్చును. అందుచే ఒక్క యెకరముతో నారంభించి, దాని ఖర్చును, రాబడిని, మిగులును వేరుగా వ్రాసియుంచుడు. మూడేండ్ల పిమ్మట ఆ లెక్కయే మీకు దారి చూపును.

పెద్దలారా, మనుమలకు మన మప్పగించునది పొలమా, ప్రోనోటా? ఈ యేటి వేపగింజలు రాలునప్పుడు ఈ ప్రశ్నను రచ్చబండయొద్ద నొకమారు ఆలోచింపుడు. సెలవు.