మూర్ధమెక్కడ నున్నది?
(స్మారకోపన్యాసము)

అధ్యక్షా, భద్రాచల పురవాసులారా, ఏటి కావలి గూడెములనుండి శ్రమపడి వచ్చిన సోదరులారా,

ఎవరి స్మృత్యర్థమై నేడిచట సమావేశమైతిమో ఆ గురువర్యులు వేదోచ్చారణ నియమముల శిక్షాశాస్త్రము చెప్పునపుడు, శిష్యుని నోరు తెరిపించి, నాలుకకొనను వెనుకకు మడిపించి, ‘ట’ యనిపించిన పిమ్మటగాని సూత్రమును వల్లింపనిచ్చెడివారు కారు. వర్ణోత్పత్తి స్థానములు, అనగా వర్ణములు నోట పుట్టు చోట్లు, సభవారికి కంఠస్థములే గావున నేరుగా ప్రశ్నకు వచ్చెదను: ట ఠ డ ఢ ణలనెడి టవర్గమునకు స్థానమైన మూర్ధమెక్కడ నున్నది?

వైద్యులకు మూర్ధమనగా శిరస్సు. సుశ్రుతుడు దేహమున 107 మర్మస్థానములు చెప్పి, అధిపతి యనుదానిని నడినెత్తినే నిలిపెను. నడినెత్తికి నాలుక యెట్లు తగులును? మన ప్రాంతపు వేదపండితులలో పెక్కుమందికి స్వశాఖయైన తైత్తిరీయమునకు చెందిన ఉచ్చారణ గ్రంథమగు ప్రాతిశాఖ్యము, నాలుకకొనను వెనుకకు చుట్టి మూర్ధమున తాకింపుమని విధించుచుండగా, త్రిభాష్యరత్నమను దాని వ్యాఖ్య ఇచట మూర్ధమనగా నోటి కుహరపు పైభాగమని సందేహమునకు తావులేకుండ తేల్చినది. మన ఇండ్లలో అంగిలి యందురే, దాని మిట్ట యన్నమాట.

ఇంత తేటయైన వ్యాఖ్య యుండగా ఐరోపా వ్యాకర్తలు అనేకులు మూర్ధమును శిరస్సుగా నెంచి ఈ వర్ణములకు ‘సెరిబ్రల్’ అని పేరుపెట్టి, పాపము, ‘ట’ను మెదడులో పుట్టించిరి. విట్నీ పండితుడు 1879 నాటి సంస్కృత వ్యాకరణమున ఆ పేరును విడిచి ‘లింగ్వల్’ అనెను, అనగా జిహ్వ్యములట! నాలుక లేకయే తథదధలు పుట్టునా? నాలుకకొన అంగిలి గోపురమును చేరునని అచటనే వ్రాసియు, ఆ త్రిభాష్యరత్నమును 1871లో ప్రాతిశాఖ్యముతోపాటు తానే పరిష్కరించి ప్రకటించియు, స్థానమును వదలి కరణమును, అనగా తాకెడి నాలుకను, పట్టుకొనుట నాకు మింగుడుపడదు. ఆయన పక్షము వహించు మిత్రులు ఈ సభలోను ఉన్నారు. వారిని ‘టక్కరి’ యను మాట పలికి, నాలుక యెచట తగిలినదో చూచుకొనుమని వేడుచున్నాను.

మూర్ధమున పుట్టు ఈ మూర్ధన్యములు ద్రావిడభాషలనుండి సంస్కృతమునకు వచ్చినవని కాల్డ్వెల్ 1856లో అనగా, బ్యూలర్ 1864లో కాదనెను. ఆ వాదమును తేల్చబూనను; ద్రావిడభాషలలో మూర్ధన్యమెట్లు పలుకునో మాత్రము చూపెదను.

మన యడవి సంగతి వినుడు. కోయ భాషలో ఊరు ‘నార్’. ‘ఊరిలో’ అనవలసివచ్చినచో ‘నాటె’. రేఫమున్న చోట టకారము నిలుచుచున్నది. తెలుగున ‘నోరు’ ‘నోటి’ యగుటయు, ‘ఏరు’ ‘ఏటి’ యగుటయు ఈ తీరుననే. గోదావరి కిరుగట్టుల ఈ రెండు భాషలవారి నాలుకలును విభక్తి రాగానే మూర్ధమునకే ఎగబ్రాకుచున్నవి.

అధ్యక్షులు గడియారము చూచుచున్నారు. తెలుగున చోఴ శబ్దము డకారముతో చోడ యైన శాసనయుగమును, భారతదేశమును, వేర్వేరు కుటుంబముల భాషలు లక్షణములను పంచుకొను నొక భాషాక్షేత్రముగా 1956లో నిరూపించిన ఎమెనో వ్యాసమును పేర్కొని దాటుచున్నాను. ఇక మొదటి ప్రశ్నకు మరలుదును: 1983లో ధ్వనిశాస్త్రజ్ఞులైన లాడెఫోగెడ్, పేరి భాస్కరరావుగారలు ఎక్స్‌రే చిత్రములతో పరీక్షింపగా, హిందీవారి టకారమున నాలుకకొన దంతమూలమునకు కొంచెము వెనుకనే ఆగుచుండగా, తెలుగు తమిళముల వారి నాలుక చుట్టుకొని తన యడుగుభాగముతో కఠిన తాలువును, అనగా అంగిలి మిట్టను, తాకుచున్నదని తేలినది. త్రిభాష్యరత్నకారుని మాటకు ఇంతకుమించిన సాక్ష్యము విట్నీ పక్షమువారు అడుగబోరని తలచుచున్నాను.