రంగుల బొమ్మలో జన్యువులు
(సూర్యాపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో నేను వర్షపాత పటాలకు రంగులు వేసేవాణ్ణని మీకు తెలుసు. ఇప్పుడు శాస్త్రవేత్తలు జంతువుల బొమ్మలకు అలాగే రంగులు వేస్తున్నారు. పాలలోని కేసీన్‌కు సంబంధించిన జన్యువు బర్రె తోక కణంలోనూ ఉంటుంది. కాని అది జోరుగా పనిచేసేది పాలిచ్చే పొదుగులోనే. ఒక్కొక్క అవయవం నుండి కాస్త కణజాలం తీసి, ఆ జన్యువు నుండి తయారైన ఆర్.ఎన్.ఏ. ఎంతుందో కొలుస్తారు. ఎక్కువుంటే ముదురు రంగు, తక్కువైతే లేత. ఇంగ్లండులోని యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ మనిషికీ, ఎలుకకూ, కోడికీ ఇటువంటి బొమ్మలు తయారుచేసింది. 2018లో జెస్పర్ మాగ్ అనే పరిశోధకుడు వీటిని ఎవరైనా గీసుకునేందుకు ప్రోగ్రాం రాశాడు.

అయితే ఒక సంగతి. ఒక ఏడు ఒక ఊరి వర్షపాతం లెక్క రాలేదు. ఆ చోటు తెల్లగా వదిలేశాను. చూసినవారు అక్కడ చినుకే పడలేదనుకున్నారు. ఆ ఊరు కరువు జాబితాకెక్కింది, నిజంగా ఎండిన పక్క ఊరు తప్పిపోయింది. వివరం రాయకపోవడం నా తప్పే. ఈ బొమ్మల్లోనూ తెల్లగా ఉన్నచోట జన్యువు పనిచేయలేదని కాదు, అసలు కొలిచి ఉండకపోవచ్చు.

మా మనుమరాలు ప్రింటు తీసిన కోడి బొమ్మ తెచ్చాను. ముందు వరుస వారు అందుకోండి.