నలుగురు మోసిన మంచము
(జఫర్‌గఢ్‌లో సంఘ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సమయమున, కట్టిన గుళ్లను గురించి, నడిపిన బడులను, ఆసుపత్రులను గురించి చాలామంది మాట్లాడినారు. అవి చెప్పుకొనదగినవే. నాకిచ్చిన ఈ కొద్ది నిమిషములలో, గుడికి రాలేనివారిని గురించి, ముఖ్యముగా వారిని చూచుకొంటూ తామును రాలేకపోయినవారిని గురించి రెండు మాటలు చెప్పదలచినాను.

మనలో ఒక తల్లి ఉన్నది. పేరు చెప్పను. ఆమె కుమారునికి ఇరవై నాలుగేండ్లు. పుట్టినప్పటి నుండి కాళ్లు చేతులు బిగుసుకొని ఉన్నవి. మాట రాదు. అప్పుడప్పుడు మూర్ఛ వచ్చును. ఒకనాడు చంకనెత్తుకొని తిరిగిన పిల్లవాడే, నేడు తల్లికంటె బరువు. తండ్రి పత్తి చేలకు, వరి కోతలకు కూలికి పోవాలి. ఎత్తి ఎత్తి ఆమెకు గర్భసంచి జారినది. ఆపరేషను కావాలని డాక్టరు చెప్పి మూడేండ్లయినది.

“ఆపరేషనైతే నెల పదిహేను దినాలు బరువెత్తొద్దన్నరు. అన్ని దినాలు వీనికి బువ్వ ఎవరు పెడ్తరు అమ్మగారూ?” అని ఆమె నన్నడిగినది. “ప్రార్థన చేస్తాను” అన్నాను. చేసినాను కూడ. కాని “ఒక పూట నేను వచ్చి కూర్చుంటాను” అనలేదు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాత రోగిని మనమందరము ఎరుగుదుము. అతనిని మోసినవారు నలుగురు. ఒక్కరే అయితే ఇంటి కప్పు వరకు రాగలిగేవారా? మన ఊళ్లలో కూడ “మోయడానికి నలుగురు కావాలె” అంటారు. కాని ఆ మాట చావు నాడు అంటారు. పాడెకు నలుగురు దొరకని ఇల్లు మన సంఘములో లేదు. బ్రతికి ఉన్నవాని మంచమునకు మాత్రము తల్లి ఒక్కతే.

అట్టివారికి కొన్ని గంటలో, కొన్ని దినములో బరువు దించుకొనే వీలు కలిగించుటను రెస్పైట్ కేర్ అంటారు. మనము విరామ సేవ అందాము. ఇది రోగికి వైద్యము కాదు, మోసేవారు కూలిపోకుండ కాపాడుట. ఇంగ్లండులో మేరీ వెబ్‌స్టర్ అను కాంగ్రిగేషనల్ సంఘ గురువు 1954లో తల్లిదండ్రులను చూచుకొనుటకు పరిచర్య మానుకొన్నది. 1963లో తనవంటివారి కష్టమును పత్రికకు లేఖగా వ్రాసినది. అనేకులు తమదీ అదే కథయని చెప్పగా, 1965లో వారికై ఒక సంస్థ ఏర్పడినది. అక్కడ సంరక్షకుల ఉద్యమము అట్లు మొదలైనది.

మన దేశములోను కొన్ని దారులున్నవి. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారి కొరకు 1999 చట్టము ద్వారా నేషనల్ ట్రస్టు ఏర్పడినది. దాని ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు దొరకును. ‘సమర్థ్’ పథకము ఈ విరామ సేవ కొరకే వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండిన బిడ్డకు చట్టప్రకారము సంరక్షకుని నియమించుటకు జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉండును. “నా తరువాత వీడెట్ల?” అను ప్రశ్నకు అది ఒక మొదటి మెట్టు. 2016 వికలాంగుల హక్కుల చట్టము, ఎక్కువ సాయము కావలసినవారికి సంరక్షణ భత్యమును గూర్చి కూడ చెప్పుచున్నది. మన రాష్ట్రములో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైనది. 1984లో సికింద్రాబాదులో స్థాపించిన జాతీయ సంస్థలో బుద్ధిమాంద్యము గలవారికి పరీక్ష, శిక్షణ, తల్లిదండ్రులకు సలహా లభించును. చదువు వచ్చిన మన యువకులు ఇంటింటికి పోయి ఈ కాగితములు నింపిపెట్టినా అది పరిచర్యయే.

కాని పింఛను పైకము రాత్రివేళ రోగిని ప్రక్కకు తిప్పదు. దానికి మనుష్యులు కావాలి. కనుక నా మనవి ఇది.

మొదట, అట్టి ఇండ్లెన్నియో సంఘ పుస్తకములో వ్రాసుకొందాము. ఒక్కొక్క ఇంటికి కనీసము నలుగురిని ఏర్పరచుకొందాము. ఎన్నడును ఒక్కరే పోరాదు, ఇద్దరు కలిసి పోవలెను. అది రోగికి, పోయినవారికి కూడ క్షేమము.

రెండవది, పోకముందు నేర్చుకొనవలెను. మనకు గురువు ఆ తల్లియే. కూర్చుండబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, మింగిన తరువాతనే మరొక ముద్ద పెట్టవలెను. మూర్ఛ వస్తే ప్రక్కకు తిప్పి పండబెట్టవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు, చేతిలో తాళపు చెవులు పెట్టుట వలన ఫలము లేదు. గడియారము చూడవలెను. అయిదు నిమిషములు దాటితే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మూడవది, తల్లికి దొరికిన ఆ రెండు గంటలు ఆమెవే. గుడికి వచ్చునో, పుట్టింటికి పోవునో, నిద్రపోవునో, మనము అడుగరాదు. “కన్నతల్లి విడిచి ఎట్ల పోయింది?” అను మాట మన నోట రాకూడదు. చాలామంది తల్లులు సాయము అడుగనిది ఆ మాటకు భయపడియే.

లెక్క వేసి చూచినాను. నలుబది అయిదు దినములు, దినమునకు రెండు పూటలు, పూటకు ఇద్దరు. నూట ఎనుబది మార్లు. రాత్రులు తండ్రి ఉండును. ముప్పది ఇండ్లు కలిస్తే ఇంటికి ఆరు మార్లు మాత్రమే. ఒక్క తల్లి ఇరవై నాలుగేండ్లు మోసినదానిలో ఇది ఏపాటి?

ఆపరేషను తేదీ డాక్టరు చెప్పును. మనుష్యుల పేర్లు మనము చెప్పవలెను. కూడిక ముగియగానే ఆ బల్ల మీద కాగితము ఉండును. మొదటి పేరు నాది వ్రాసినాను. నూరేండ్ల క్రిందట మన పెద్దలకు సువార్త తెచ్చినవారు దుమ్ము దారులలో ఇంటింటికి నడిచి వచ్చినారు. రెండవ నూరేండ్లను మనమును ఒక ఇంటి గడప దాటియే మొదలు పెట్టుదుము గాక. ఆమేన్.