బల్బు పెట్టి చూడాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక తెర మీద వీడియో చూశారు. అందులో మన పాత పెంకుల గదులు పైనుంచి కనిపించగానే చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో "అదిగో మా సెవెంత్ బి" అని కేక కూడా వేశారు. ఆ గదులు ఇప్పుడు లేవు. జూన్ చివరి వారంలో పడగొట్టారు. వాటిని పైనుంచి తీసిన దృశ్యాలు ఇవి మాత్రమే. ఇవి కూడా మీకు దక్కకుండా పోవలసింది. నా తప్పు వల్ల పోయి, ఒక గొర్రెల కాపరి పుణ్యమా అని దొరికాయి. కార్యదర్శి గారు నన్ను "డ్రోన్ల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఆ తప్పు గురించే చెబుతాను. నాలుగు మాటలూ అందులోనే వస్తాయి.

నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత ఇంజనీరింగ్, బెంగళూరులో ఉద్యోగం. పదేళ్లుగా డ్రోన్లు సొంతంగా బిగించి ఎగరేయడం నా సరదా. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ముసలితనంలో గాలిపటాల పిచ్చి.

గదులు పడగొడతారని తెలిసి, సంఘం వాళ్లు వీడియో తీయమన్నారు. పోయిన జూన్‌లో ఒక ఆదివారం, పిల్లలెవరూ లేని పూట, హెడ్మాస్టరు గారి అనుమతితో ఉదయాన్నే తీశాను. పని బాగా జరిగింది. అక్కడితో ఆగి ఇంటికి పోయి ఉంటే ఈ రోజు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ సాయంత్రం నేనూ, ధర్మవరంలో మగ్గాలు నడిపే నా క్లాస్‌మేటూ కారులో ధర్మవరం బయలుదేరాం. సోమందేపల్లి దాటి పెనుకొండ రాగానే కొండ కనిపించింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని తరలించింది ఆ కొండ కిందికే. మనకు ఆ చరిత్ర తర్వాత తెలిసింది గానీ, ముందు తెలిసింది రైలు కిటికీలోంచి కనిపించే కొండ. హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైలెక్కిన మన వాళ్లందరికీ అదే గుర్తు. వీడియోలో ఆ కొండ కూడా ఉంటే బాగుంటుందనిపించింది. కోట మీద ఎగరేయాలనుకోలేదు, అది తగదు కూడా. కొండకు ఈశాన్యంగా, ఊరు దాటాక బీడు నేలలో కారు ఆపి, దూరం నుంచి తీద్దామనుకున్నాం. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉంది కాబట్టి మ్యాపులో ఆ చోటు పచ్చ మండలంలోనే ఉందని చూసుకున్నాను. పచ్చ మండలంలో నాలుగు వందల అడుగుల ఎత్తు దాకా అనుమతి అక్కరలేదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం నాది 250 గ్రాములకు పైన, రెండు కిలోలకు లోపల ఉండే మైక్రో తరగతి. సరదాకు ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. ఇవన్నీ జాగ్రత్తగా చూశాను. చూడవలసిన అసలు వస్తువును చూడలేదు.

నా దగ్గర రెండు బ్యాటరీలు ఉన్నాయి. మంచిది ఉదయం బడి దగ్గర వాడేశాను. రెండోది మూడేళ్ల పాతది. ఫుల్ చార్జి పెట్టి నెలల తరబడి బీరువాలో పడేసినది. కొద్దిగా ఉబ్బి ఉంది, వేలితో నొక్కితే మెత్తగా తగిలింది. అది ఉబ్బిందని నాకు తెలుసు. మీటరు పెడితే 16.7 వోల్టులు చూపించింది. నాలుగు సెల్లుల బ్యాటరీకి నిండు చార్జి అంటే 16.8. "నిండుగానే ఉంది కదా, ఐదు నిమిషాల పని" అనుకున్నాను.

మావాడు మాత్రం అడిగాడు. "ఏందిరా, ఇది ఉబ్బినట్ల ఉంది?"

"ఏం కాదులేరా" అన్నాను. ఇంజనీరును కదా.

నైరుతి గాలి బాగా వీస్తోంది. ఆ కాలంలో ఆ గాలి ఎంత ఉంటుందో, రామగిరి కొండల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో మీకు చెప్పక్కర్లేదు. కెమెరాను కొండ వైపు తిప్పి, డ్రోన్‌ను అరవై మీటర్ల ఎత్తులో ఈశాన్యంగా వెనక్కి పోనిచ్చాను. వెనక నుంచి తోసే గాలి కాబట్టి హాయిగా పోయింది. చిన్న గుట్ట ఒకటి దాటి ఆరు వందల మీటర్లు పోయింది. కంటిచూపు మేరలోనే ఎగరేయాలని నియమం. అంత దూరంలో నాకు అది చుక్కలా కూడా ఆనలేదు. అది రెండో తప్పు.

వెనక్కి రమ్మన్నాను. ఇప్పుడు ఎదురుగాలి. మోటార్లు రెట్టింపు కష్టపడాలి. రిమోటు తెర మీద వోల్టేజి 15 నుంచి 14కి, అక్కడి నుంచి 13.2కి జారింది. 13.2కి వస్తే ఉన్నచోటే దిగిపొమ్మని ఎప్పుడో పరీక్షల కోసం నేనే సెట్టింగ్ పెట్టాను, మార్చడం మరచిపోయాను. అది చెప్పిన మాట విన్నది. నలభై మీటర్ల ఎత్తుకు దిగేసరికి గుట్ట అడ్డం వచ్చి సిగ్నల్ పోయింది.

చివరగా తెర మీద కనిపించిన అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని అక్కడికి నడిచాం. ఏమీ లేదు. డ్రోన్‌లో బీప్ బీప్ అని అరిచే బజర్ ఉంది. చెవులు రిక్కించి విన్నాం. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. చీకటి పడింది. సెల్‌ఫోన్ లైటుతో కంపలో గంటసేపు తిరిగాం. అప్పుడు గుర్తొచ్చింది, ఉదయం తీసిన బడి దృశ్యాలు కూడా ఆ డ్రోన్‌లోని కార్డులోనే ఉన్నాయని. కాపీ తీసుకోలేదు. అది మూడో తప్పు. నాలుగోది, నా ఫోన్ నంబరు రాసిన చీటీని బ్యాటరీ మీద అంటించాను గానీ డ్రోన్ మీద అంటించలేదు.

ఆ రాత్రి ధర్మవరంలో మావాడి ఇంట్లో పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పక్క గదిలో మగ్గం డిజైన్లు గీసే గ్రాఫు కాగితాలు ఉన్నాయి. ఒకటి తీసుకుని కూర్చున్నాను. గడికి పది మీటర్లు లెక్క. చివరి చోటు దగ్గర చుక్క పెట్టాను. నలభై మీటర్ల ఎత్తు, సెకనుకు ఒక మీటరు చొప్పున దిగుతుంది, అంటే నలభై సెకన్లు. శక్తి తగ్గిన మోటార్లు ఆ గాలికి ఆగలేవు. సెకనుకు ఐదు మీటర్ల చొప్పున కొట్టుకుపోతే నలభై సెకన్లకు రెండు వందల మీటర్లు. ఈశాన్యంగా ఇరవై గడులు లెక్కబెట్టి ఇంకో చుక్క పెట్టాను. మేం వెతికిన చోటు అది కానే కాదు.

ఆ కాగితం మీదే ఇంకో లెక్క కూడా వేశాను. ఇక్కడే మా పి.ఎస్. సారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో, ఇందాక మీరు చూసిన పెంకుల గదుల్లో చివరి దాంట్లో, సారు ఒక పాత టార్చి సెల్లు తెచ్చారు. వోల్టుమీటరు పెడితే ఒకటిన్నర వోల్టుకు దగ్గరగా చూపించింది. "ఇది మంచిదా, చెడ్డదా?" అన్నారు. అందరం "మంచిది సార్" అన్నాం. అప్పుడు బల్బు తగిలించారు. బల్బు ఎర్రగా మినుకుమంది, మీటరు ముల్లు పడిపోయింది. "సెల్లు లోపల అంతర్నిరోధం ఉంటుంది. కరెంటు పారకపోతే అది బయటపడదు. పని చెప్పకుండా ఎవరినీ మెచ్చుకోవద్దురా" అన్నారు. మేం నవ్వాం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

నలభై ఏళ్ల తర్వాత నేను చేసిన పని, మీటరు పెట్టి "మంచిది సార్" అనడమే. లెక్క చాలా చిన్నది. నా బ్యాటరీ కొత్తలో నాలుగు సెల్లుల అంతర్నిరోధం కలిపి ఒక ఓమ్‌లో యాభయ్యో వంతు. తర్వాత చూస్తే పదో వంతుకు పెరిగి ఉంది. ఎదురుగాలిలో ఇరవై ఆంపియర్లు లాగితే, కొత్త బ్యాటరీలో పోయేది 0.4 వోల్టులు. పాతదానిలో రెండు వోల్టులు. 15.2 ఉండాల్సిన చోట 13.2. చార్జి ఇంకా ఉంది, అది బయటికి రాలేకపోయింది.

తెల్లవారగానే ఆ రెండో చుక్క దగ్గరికి పోయాం. ముందు బ్యాటరీ కనిపించింది. నేలకు కొట్టుకున్నప్పుడు ఊడిపడింది. బజర్‌కు కరెంటు ఆ బ్యాటరీ నుంచే రావాలి, అందుకే అది అరవలేదు. బ్యాటరీ మూల నలిగి ఇంకా ఉబ్బింది. దానికి ఇరవై అడుగుల దూరంలో ఒక గడ్డివామి. నా కాళ్లలో సత్తువ పోయింది. ఈ బ్యాటరీలు నలిగినా, లోపల షార్టయినా అంటుకుంటాయి. ఒకసారి అంటుకుంటే నీళ్లు చల్లి ఆపడం సులభం కాదు. చెలకలన్నీ ఎండిపోయి వానకోసం చూసే రోజులు. ఆ గాలికి వామి అంటుకుని ఉంటే, ఏడాదంతా పశువులకు మేత పెట్టాల్సిన ఆ రైతుకు నేను ఏం సమాధానం చెప్పేవాణ్ణి? డ్రోన్ విలువ, వీడియో విలువ, ఏదీ అప్పుడు గుర్తు రాలేదు.

ఇంతలో గొర్రెల మందతో ఒక పెద్దాయన వచ్చాడు. "ఏమప్పా, యంత్రం కోసరమా?" అన్నాడు. చేత్తో వేపచెట్టు చూపించాడు. కొమ్మకు తువ్వాలతో కట్టి ఉంది నా డ్రోన్. ఒక రెక్క విరిగింది, అంతే.

"నిన్న మాపటేల పడ్య. ఎవురిదో ఏమో, వచ్చినోళ్లకు కనపడల్లని పైన కట్టినా" అన్నాడు.

"మరి దీన్ని ఇక్కడే వదిలేశారే పెద్దాయనా?" అని బ్యాటరీ చూపించాను.

"అది ఎచ్చగా ఉన్యాది నాయనా. ఉబ్బిండాది. మావాని సెల్‌ఫోను ఇట్లే ఉబ్బి కాలిపాయ. అందుకే కట్టెతో వామికి దూరంగా నెట్టినా" అన్నాడు.

ఆ ఇరవై అడుగులు ఆయన నెట్టిన దూరం. ఉబ్బింది ప్రమాదమని ఆయనకు తెలుసు, ముట్టుకోలేదు. నాకూ తెలుసు, నేను గాల్లోకి పంపాను. మా ఇద్దరిలో ఇంజనీరు ఎవరో మీరే చెప్పండి.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. టీ తాగాడు. "మా గొర్రెలు గిట్ల పడినాయా దాంట్లో?" అని మాత్రం అడిగాడు. పడ్డాయి. చివరి దృశ్యాల్లో గుట్ట వెనక తెల్లచుక్కల్లా ఉన్నాయి. ఆ ఫోటో ప్రింటు తీయించి, మావాడి చేత పంపించాను. బ్యాటరీని ఇసుక నింపిన ఇనుప బకెట్‌లో పెట్టి మెల్లగా తీసుకుపోయి, బెంగళూరులో ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట అప్పగించాను.

ఇక్కడ డ్రోన్లు ఎగరేసే పిల్లలు కొందరు ఉన్నారని తెలుసు. వాళ్లకు చెబుతున్నాను. ఉబ్బిన బ్యాటరీని ఎగరేయకండి, చార్జి కూడా పెట్టకండి. నిల్వ ఉంచేటప్పుడు నిండుగా ఉంచకండి, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. వోల్టేజితో పాటు అంతర్నిరోధం కూడా చూసే చార్జర్లు వస్తున్నాయి, అది రాసి పెట్టుకోండి. ముందు ఎదురుగాలికి పోండి, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. కంటికి ఆనేంత దూరంలోనే ఉంచండి. ఫోన్ నంబరు డ్రోన్ ఒంటి మీద రాయండి. కార్డు కాపీ తీశాకే మళ్లీ ఎగరేయండి. ఇది సరదా కోసమే కాదు. స్వయం సహాయక సంఘాల మహిళలు ఇప్పుడు పొలాల్లో మందు కొట్టే డ్రోన్లు నడుపుతున్నారు. వాటి బ్యాటరీలు నాదానికంటే ఎన్నో రెట్లు పెద్దవి.

ఆ తర్వాతి వారం వీడియో పట్టుకుని మా పి.ఎస్. సారు ఇంటికి పోయాను. కథంతా విన్నారు. "బల్బు పెట్టి చూసినావా?" అని ఒక్కటే అడిగారు. "లేదు సార్" అన్నాను. "అయితే సూత్రం రాసినావు, ప్రయోగం చేయలేదు. సగం మార్కులే" అన్నారు. సారు ఈ రోజు ముందు వరుసలో ఉన్నారు. మిగతా సగం మార్కుల కోసం నేను ఒక పని ఒప్పుకుంటున్నాను. కొత్త గదుల్లో సైన్సు ల్యాబుకు మీటర్లు, సెల్లులు, బల్బులు మా బ్యాచి తరఫున ఇస్తాం. ప్రతి ఏటా ఒక రోజు నేనే వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు పాత సెల్లు చేతికిచ్చి "ఇది మంచిదా, చెడ్డదా?" అని అడుగుతాను.

వాళ్లు "మంచిది సార్" అనే అంటారు. అప్పుడు బల్బు ఇస్తాను.