బాప్తిస్మం ఎవరికి అవసరం?

స్మారకోపన్యాసానికి తగవులున్న విషయాన్ని ఎంచుకోవడం మర్యాద కాదనేవారున్నారు. కానీ తెలుగు క్రైస్తవ సంఘాల మధ్య తరతరాలుగా నలుగుతున్న ప్రశ్నను పక్కన పెట్టి మర్యాద మాటలు చెప్పుకోవడానికి ఇంతమంది కూడడమెందుకు? బాప్తిస్మం లేకుండా రక్షణ ఉందా అన్నదే ఆ ప్రశ్న. కోస్తా జిల్లాల్లో ఒక్క పట్టణాన్ని తీసుకున్నా చాలు. లూథరన్ సంఘంలో పసిబిడ్డ తలమీద నీళ్లు చిలకరిస్తారు. బాప్టిస్టులు ఊహ తెలిసి సాక్ష్యం చెప్పుకోగలిగినవారినే నీళ్లలో ముంచుతారు. కథోలికులు జ్ఞానస్నానం అంటారు. బిడ్డకు ప్రాణం మీదికి వస్తే గురువు వచ్చేదాకా ఆగనక్కరలేదు, దగ్గరున్నవారెవరైనా ఇవ్వవచ్చునంటారు. క్రీస్తు సంఘంవారు ముంచు బాప్తిస్మంలోనే పాపక్షమాపణ దొరుకుతుందంటారు. సాల్వేషన్ ఆర్మీవారు అసలు నీటి జోలికే పోరు. అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే బైబిలు. వచనానికి వచనం అడ్డుపెట్టి సాగే వాదం ఎక్కడ మొదలైందో అక్కడే తిరుగుతుంది కాబట్టి నేను మరో దారిన వెళ్తాను. ఒక సంఘం బాప్తిస్మాన్ని ఎంత అవసరమని నిజంగా నమ్ముతోందో దాని విశ్వాసప్రమాణంలో కంటే, చావు వాకిట నిలబడ్డప్పుడు అది చేసిన పనిలో బాగా తెలుస్తుంది. అలా చూడగా నాకు తేలిందేమిటంటే, ఈ అవసరం పిలుపు విన్న మనిషి మీద పడే బాధ్యతే గాని, దేవుడి చేతికి పడిన సంకెల కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఎనిమిదేళ్ల తేడాతో రెండు చోట్ల ఈ ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. మొదటిది చైనాలో. తియెన్‌త్సిన్ రేవుపట్టణంలో ఫ్రెంచి కథోలిక సన్యాసినులు ఒక అనాథాశ్రమం నడిపేవారు. జ్ఞానస్నానం లేకుండా కన్నుమూసిన శిశువుకు పరలోకం దక్కదన్న బెంగ ఆనాటి కథోలిక ప్రపంచాన్నంతా పట్టి ఉండేది. 1843లో ఫ్రాన్సులో బిషప్ ఫోర్బిన్ జాన్సన్ స్థాపించిన సంస్థ పిల్లల చేత చిల్లర డబ్బులు పోగుచేయించి, చైనా శిశువులకు జ్ఞానస్నానం ఇప్పించడం కోసం పంపేది. తియెన్‌త్సిన్ ఆశ్రమానికి బిడ్డలను తెచ్చి అప్పగించినవారికి కొంత సొమ్ము ముట్టజెప్పేవారు. జబ్బుతో ఉన్న బిడ్డలనూ, ప్రాణం పోతున్న బిడ్డలనూ కాదనేవారు కారు. అలాంటి చోట చావులు ఎక్కువగానే ఉంటాయి. దాంతో పిల్లలను ఎత్తుకుపోయి కళ్లూ గుండెలూ తీసి మందులు చేస్తున్నారన్న పుకారు ఊరంతా పాకింది. 1870 జూన్ 21న జనం విరుచుకుపడ్డారు. ఆ రోజు హతమైనవారిలో పదిమంది సన్యాసినులున్నారు. పుకారు పచ్చి అబద్ధం. ఆ సన్యాసినుల దయ నిజం. అయినా ఒక సంగతి ఒప్పుకోక తప్పదు. నీళ్లు పడితేనే మోక్షం అన్న సూత్రాన్ని అక్షరాలా నమ్మినవారికి వారు చేసినదానికి మించిన తర్కబద్ధమైన పని లేదు. బతికే ఆశ లేని బిడ్డ కోసం ఊరంతా వెతకడం ఆ నమ్మకానికి తగిన ప్రవర్తనే.

రెండో జవాబు మన ఒంగోలుది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చిన కరువు, జనం ధాత కరువుగా చెప్పుకొన్నది, ఒంగోలు అప్పట్లో భాగంగా ఉన్న నెల్లూరు సీమను కూడా పీల్చిపిప్పి చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉన్నాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి చూపించాడు. మాదిగపల్లెల నుంచి వచ్చినవారిలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. కూటి కోసం వచ్చినవారా, క్రీస్తు కోసం వచ్చినవారా తేల్చలేని కాలంలో ఇవ్వకూడదన్నాడు. కరువు పనులు ముగిశాక కూడా వెంటనే ఒప్పుకోలేదు. చివరికి గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆ 2,222 అంకెను మన సంఘచరిత్రలన్నీ గర్వంగా చెప్పుకుంటాయి. నన్ను ఆపేది దానికి ముందున్న నెలలు. అడిగి, దొరక్క, ఆకలికీ కలరాకూ పోయినవారు ఆ నెలల్లో ఉన్నారు. వారు నశించారని క్లౌ నమ్మి ఉంటే ఆ ఆలస్యం చేయగలిగేవాడా? నీటికి ముందే విశ్వాసం మనిషిని దేవుడికి చేర్చిందని నమ్మిన బోధకుడు మాత్రమే అన్ని నెలలు ఆగగలడు. బాప్టిస్టు సిద్ధాంతం పుస్తకంలో ఎలా ఉన్నా, దాని పూచీ ఆ ఆలస్యంలో కనిపిస్తుంది.

ఈ రెండింటిలో ఏది అపొస్తలుల మాటకు దగ్గర? సాధారణంగా ఇక్కడ సిలువ మీది దొంగను ముందుకు తెస్తారు. అది నాకు బలమైన సాక్ష్యంగా తోచదు. సమస్త జనులకు బాప్తిస్మమిమ్మన్న ఆజ్ఞ పునరుత్థానం తర్వాతిది. దొంగ అంతకుముందే చనిపోయాడు, ఆ ఆజ్ఞ అతనికి వర్తించదని క్రీస్తు సంఘంవారు చెప్పే సమాధానంలో న్యాయముంది. అసలు సాక్షి కైసరయలోని శతాధిపతి కొర్నేలి. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయంలో పేతురు ఇంకా మాట్లాడుతుండగానే, ఎవరూ నీటిలో దిగకముందే, వాక్యం విన్నవారి మీదికి పరిశుద్ధాత్మ దిగింది. అది యూదులను ఒప్పించడానికి ఇచ్చిన సూచన మాత్రమేననీ, వారి రక్షణ నీటితోనే జరిగిందనీ అనేవారికి పేతురే పదిహేనో అధ్యాయంలో జవాబు చెబుతాడు. యెరూషలేము సభ ముందు నిలబడి, దేవుడు ఆ అన్యజనుల హృదయాలను విశ్వాసం వల్ల పవిత్రపరచాడని సాక్ష్యమిస్తాడు. నీటి ప్రస్తావన ఆ మాటలో లేదు. దీనికి ఎదురుగా ఎనిమిదో అధ్యాయంలో గారడీవాడైన సీమోను ఉన్నాడు. అతను నమ్మాడు, బాప్తిస్మం పొందాడు. అంతలోనే పేతురు అతని హృదయం దేవుని ఎదుట సరిగా లేదని గద్దించాల్సి వచ్చింది. నీటికి ముందు ఆత్మ పొందినవాడు ఒకడు, నీటి తర్వాత కూడా దారి తప్పినవాడు ఒకడు. నీరు తనంతట తాను రక్షణకు కొలత కాజాలదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే నీటివల్లా ఆత్మవల్లా పుట్టనివాడు దేవుని రాజ్యంలో ప్రవేశించలేడని నీకొదేముతో ప్రభువు చెప్పిన మాట ఏమైనట్టు? నమ్మి బాప్తిస్మం పొందినవాడికి రక్షణ అన్న మార్కు సువార్త చివరి మాట ఏమైనట్టు? మార్కులోని ఆ చివరి భాగం నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతుల్లో లేదన్నది పండితులందరికీ తెలిసిందే. ఆ కారణం చూపి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, అవసరమూ లేదు. ఉన్నది ఉన్నట్టు తీసుకున్నా, ఆ వాక్యం రెండో సగంలో శిక్షకు కారణం నమ్మకపోవడమే. బాప్తిస్మం పొందకపోవడమని లేదు. నీకొదేముతో అన్న, యోహాను సువార్తలోని మాట ఇంకా కఠినమైనది. ‘నీరు’ అంటే ప్రసవజలమనీ, ధర్మశాస్త్రపు శుద్ధి అనీ చెప్పే వ్యాఖ్యానాలు నాకు బలవంతపువిగా తోస్తాయి. తొలి శతాబ్దాల సంఘం దాన్ని బాప్తిస్మంగానే చదివింది, అదే సరి. కానీ ఆ మాట ఎవరితో అన్నది? రాత్రివేళ చాటుగా వచ్చిన అధికారితో. బహిరంగంగా నీటిలో దిగడానికి జంకు ఉన్నవాడితో. అతనికి అది తప్పించుకోలేని పిలుపు. పిలుపు చేరనివాడిని ఆ మాటతో తూచడం వేరే సంగతి. పేతురు మొదటి పత్రిక బాప్తిస్మం రక్షిస్తుందని తెగేసి చెబుతూనే, ఆ వెంటనే అది ఒంటి మురికి కడుక్కోవడం కాదు, మంచి మనస్సాక్షితో దేవుడి వైపు తిరగడమని సవరించుకుంటుంది. ఆ సవరణను వదిలి ముందుమాటనొక్కదాన్నే పట్టుకోవడం న్యాయం కాదు.

సంఘచరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది, ఇష్టంగా కాకపోయినా. సుమారు 200 నాటికే తొలినాటి సంఘరచయిత తెర్తుల్లియన్ నీటి బాప్తిస్మం పొందకుండా హతసాక్షి అయినవాడికి రక్త బాప్తిస్మం ఉందని రాశాడు. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటీనియన్ బాప్తిస్మం కోసం మిలాన్ బిషప్ అంబ్రోసుకు కబురంపి, ఆయన దారిలో ఉండగానే మరణించాడు. చక్రవర్తి అక్కచెల్లెళ్లు దుఃఖిస్తుంటే అంబ్రోసు అంత్యక్రియల ప్రసంగంలో, అడిగినవాడికి అడిగినది దక్కిందని ఓదార్చాడు. అంబ్రోసు చేత బాప్తిస్మం పొందిన అగస్టీనే తర్వాత ఆదిపాపాన్ని కాదన్న పెలాగియస్ వాదులతో పోరాడుతూ, బాప్తిస్మం లేని శిశువులకు ఎంత తేలికైనదైనా శిక్ష తప్పదన్నాడు. గురువు కోరికకు తెరిచిన తలుపు, కోరడం తెలియని పసివాడి దగ్గర శిష్యుడు మూశాడు. ఆ తలుపు దగ్గరే పాశ్చాత్య సంఘం పదిహేను వందల ఏళ్లు తచ్చాడింది. 1547లో కథోలికుల ట్రెంటు మహాసభ బాప్తిస్మం ఐచ్ఛికమన్నవారిని శపించింది, అదే ఏడాది నీతిమంతుడు కావడానికి అదైనా, దాని కోసమైన కోరికైనా కావాలని కూడా చెప్పింది. ఆ ‘కోరికైనా’ అన్నదాన్ని కొట్టిపారేసి బోస్టన్‌లో కఠినబోధ చేసిన ఫాదర్ లియోనార్డ్ ఫీనీని తప్పుబడుతూ 1949లో రోమ్ నుంచి అక్కడి ఆర్చిబిషప్‌కు లేఖ వచ్చింది. రమ్మంటే రోమ్‌కు వెళ్లకపోయినందుకు ఫీనీ 1953లో వెలిపడ్డాడు. సంఘం వెలుపల రక్షణ లేదని అందరికంటే గట్టిగా అన్నవాడే అలా సంఘం వెలుపల నిలబడ్డాడు. తియెన్‌త్సిన్ సన్యాసినులు ఏ భయంతో బిడ్డలను వెతికారో ఆ భయానికి 2007లో వాటికన్ వేదాంత సంఘం జవాబిచ్చింది, బాప్తిస్మం లేకుండా పోయిన శిశువులకు రక్షణ ఉంటుందని ఆశించడానికి గట్టి ఆధారాలున్నాయని.

ఇవన్నీ మినహాయింపులే కదా, మినహాయింపులతో నియమం పోతుందా అని అడగవచ్చు. పోదు. కానీ ప్రాణాపాయం వచ్చిన ప్రతిసారీ ఒకే వైపు వంగే నియమం గురించి, దాని అసలు రూపం ఆ వంపులోనే ఉందనుకోవడం సబబు. కథోలిక సత్యోపదేశం ఇప్పుడు ఈ మాటను దాచకుండా చెబుతోంది: రక్షణను దేవుడు బాప్తిస్మంతో ముడిపెట్టాడు, తాను మాత్రం ఆ ముడికి బద్ధుడు కాడు. ప్రొటెస్టెంట్ల వైపు నుంచి వెస్ట్‌మినిస్టర్ విశ్వాసప్రమాణమూ దాదాపు ఇక్కడికే వచ్చింది. బాప్తిస్మాన్ని తృణీకరించడం మహాపాపమే, అయినా అది లేకుండా ఎవరూ రక్షణ పొందలేరని చెప్పేంతగా కృప దానికి అంటుకుని లేదు. బద్ధశత్రువుల్లా పోట్లాడుకున్న రెండు సంప్రదాయాలు ఈ ఒక్కచోట భుజాలు రాసుకుంటున్నాయి.

అలాగైతే బాప్తిస్మం ఎందుకు, విశ్వాసం చాలదా అన్నది అటు వైపు నుంచి వచ్చే అభ్యంతరం. దీనికి మళ్లీ కొర్నేలి ఇంటికే వెళ్లాలి. ఆత్మ దిగింది కాబట్టి ఇక నీళ్లెందుకని పేతురు అనలేదు. ఆత్మ దిగింది కాబట్టి నీళ్లకు ఎవరు అడ్డు చెప్పగలరని అడిగాడు, వెంటనే బాప్తిస్మం ఇవ్వమన్నాడు. రక్షణ దక్కినవాడికే అది అవసరమైంది. వెల్లంపల్లికి నడిచివచ్చినవారి సంగతి కూడా అంతే. చచ్చిన గొడ్డు మాంసం తినకపోవడం, విగ్రహాలను మొక్కకపోవడం, ఆదివారం పని చేయకపోవడం అన్న షరతులు వారికి ముందే తెలుసు. కరణానికీ మునసబుకూ వెట్టి చేసే పల్లెకు ఆదివారం పని మానడమంటే ఊరిని ఎదిరించడమే. ఆ తెగింపు లోలోపలి నమ్మకంగా మిగిలి ఉంటే ఒక్క మాదిగపల్లె కూడా మారేది కాదు. అందరి కళ్ల ముందు నీటిలో దిగి లేచినప్పుడే అది ఊరికి తెలిసే నిజమైంది. క్లౌ ఆలస్యానికీ వారి పట్టుదలకూ వైరుధ్యం లేదు. అతను నీటిని రక్షణకు వెల కట్టలేదు. వారు నీటిని ఉత్త లాంఛనంగా చూడలేదు.

ఇక్కడే అతి కష్టమైన అభ్యంతరం ఎదురవుతుంది, అదీ తెలుగునేల నుంచే. గుంటూరు జిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు క్రీస్తును గురువుగా, ప్రభువుగా కొలిచి, వేలమందిని ఆ భక్తి వైపు తిప్పి, బాప్తిస్మాన్ని మాత్రం కావాలని తిరస్కరించాడు. అది చర్చి అనే కులంలో చేర్చుకునే తంతు మాత్రమేనన్నాడు. ఆయన మాటకు చట్టం కూడా ఒక విధంగా బలమిచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో అతను బీసీ సి గ్రూపులోకి మారాలి. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు పసితనంలో జరిగిన బాప్తిస్మాన్ని కూడా మతానికి సాక్ష్యంగా లెక్కలోకి తీసుకుంది. ఆదివారం చర్చిలో, సోమవారం తహసీల్దారు కాగితంలో వేర్వేరుగా బతికే లక్షల మందికి బాప్తిస్మం రిజిస్టరులో సంతకం కృపకంటే ముందు ఉద్యోగం సంగతి. వారిని పిరికివారని తేలిగ్గా తీసిపారేసే పాస్టర్లను ఆ చట్టం ఎన్నడూ తాకలేదని గుర్తు పెట్టుకుందాం.

నా దృష్టిలో ఆ లక్షల మందికీ సుబ్బారావుకూ మధ్య తేడా చూడాలి. చట్టం వల్లో, ఇంటివారి వల్లో నీటి దగ్గరికి రాలేకపోయినవాడు ట్రెంటు చెప్పిన కోరిక ఉన్నవాడు. అతన్ని రక్షణ లేనివాడనడానికి ఏ సంఘానికీ హక్కు లేదు. సుబ్బారావుది కోరిక తీరకపోవడం కాదు, వద్దనడం. ఆయన వద్దన్నది క్రీస్తునా, తన కాలపు చర్చి క్రీస్తు చుట్టూ కట్టిన గోడనా అన్నది అసలు ప్రశ్న. ఆయన రచనలు చదివితే రెండోదే అనిపిస్తుంది నాకు. అయినా ఆయనతో ఏకీభవించలేను. గోడ తప్పయితే గోడనే కూల్చాలి. కొర్నేలి ఇంట్లో పేతురు అడిగిన నీళ్లు అప్పటికి ఏ కులానికీ చెందినవి కావు, రోమా సైనికుడిని యూదుడి పక్కన కూర్చోబెట్టినవి. ఆ నీటిని కులపు గీతగా మార్చింది మనం. అయితే ఈ తప్పు చేసిన సంఘమే సుబ్బారావు రక్షణ మీద తీర్పు చెప్పబోతే, 1917 కథోలిక శాసనస్మృతి దాకా వెళ్లి చూడమంటాను. బాప్తిస్మం లేకుండా పోయినవారికి అది సంఘ సమాధిని నిరాకరించింది. కానీ బాప్తిస్మానికి సిద్ధమవుతూ తమ తప్పు లేకుండా చనిపోయినవారిని బాప్తిస్మం పొందినవారితో సమానంగా చూడమంది. 1983లో వచ్చిన కొత్త స్మృతి తల్లిదండ్రులు ఇప్పించాలనుకుని ఇప్పించలేకపోయిన పసివారికి కూడా సంఘం అంత్యక్రియలు జరపవచ్చని చేర్చింది. ఆరు దశాబ్దాలు దాటాక పెరిగింది ఒక్క వాక్యం. చనిపోయింది బిడ్డే, తప్పిపోయింది నీళ్లే. మారింది మాత్రం ఆ శవపేటిక ముందు సంఘం నిలబడే తీరు.