చప్పట్లు కొట్టిన మే నెల



ముందుగా మన తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడదాం. 2025 మే 17న బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు రోడ్డు మార్గాన మన దేశంలోకి రాకూడదని కేంద్రం ఆదేశించినప్పుడు మనం సంతోషించాం. తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో కుట్టుపని చేసే మన పిల్లలకు ఓవర్‌టైం దొరుకుతుందని ప్రార్థన కూటంలో స్తుతి కూడా చెల్లించాం. అటువైపు మిషన్ల మీద కూర్చున్న ఆడపిల్లలు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ గొడవ మేలో పుట్టింది కాదు. బంగ్లాదేశ్ సరుకు మన రేవుల మీదుగా ఇతర దేశాలకు వెళ్లే సౌకర్యాన్ని ఏప్రిల్‌లోనే మన ప్రభుత్వం తీసేసింది. కొద్ది రోజులకే బంగ్లాదేశ్, మన నూలు బేనాపోల్ వంటి సరిహద్దు గేట్ల గుండా రాకూడదంది. మన చవక నూలు తమను ముంచుతోందని అక్కడి మిల్లు యజమానులు ఎప్పటినుంచో మొరపెట్టుకుంటున్నారు. దానికి బదులు అన్నట్టు, వాళ్ల బట్టలు కోల్‌కతా, ముంబై దగ్గరి నవా షెవా రేవుల్లోనే దిగాలని మనం అన్నాం. లారీలో వచ్చే చొక్కా ఓడెక్కి చుట్టూ తిరిగి రావాలి.

అయితే ఆ చొక్కా పూర్తిగా పరాయిది కాదు. మన పత్తి, మన మిల్లుల్లో వడికిన నూలు పెద్ద ఎత్తున కొనేది బంగ్లాదేశే. వాళ్ల చొక్కా అమ్ముడుపోకపోతే మన నూలూ అడిగేవాడు తగ్గుతాడు. అంటే మనం మూసిన గేటు కొంత మన మీదే మూసుకుంది.

ఆగస్టు వచ్చింది. 27వ తేదీ నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతం చేసింది. బంగ్లాదేశ్‌కు 20 శాతమే. అదే తిరుప్పూరు, అవే మిషన్లు. మిల్లులకు ఊరటగా పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని కేంద్రం డిసెంబరు చివరిదాకా ఎత్తేసింది. ఆదిలాబాద్, గుంటూరు రైతు పత్తి తీసి యార్డుకు తెచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే!

దేశం తన పనివాళ్లను కాపాడుకోకూడదని మనం అనడం లేదు. కాని యజమానులకు ఢిల్లీలోనూ ఢాకాలోనూ వినతిపత్రం ఇచ్చే సంఘాలున్నాయి. పీస్ రేటుకు కుట్టేవాళ్లను ఎవరు అడిగారు? యాకోబు పత్రిక 5వ అధ్యాయం చదివినప్పుడల్లా బిగబట్టిన కూలి గురించి గట్టిగా ఆమెన్ అంటాం. ఆ కూలి మన వీధిలోనే ఆగిపోతే?

కాబట్టి యువకులారా, ఒక పని. ఒడిశా నుంచి, మన ఊళ్ల నుంచి తిరుప్పూరు వెళ్లినవాళ్లలో ఎవరికి షిఫ్టులు తగ్గాయో, ఎవరికి జీతం బాకీ ఉందో, ఎవరి పీఎఫ్ కట్టలేదో అడిగి రాసుకురండి. కాంట్రాక్టరు పుస్తకంలో పేరే లేనివాళ్లను ముందు రాయండి. వచ్చే కూటంలో ఆ పేర్లు పెట్టుకుని లేబర్ ఆఫీసుకు ఎవరెవరం వెళ్లాలో తేల్చుకుందాం. ప్రార్థనలో ఢాకా పిల్లల్ని కూడా కలపండి.